వంద గ్రాములకు

డబ్బా వెనక గళ్లగళ్ల పట్టీ ఉంటది.
రాత్రి పన్నెండు దాటినంక
మౌలాలి గుట్ట కింద, మా ఒక్క అర్రల
ఫోన్ లైటు వెట్టి చదువుతున్న.
ఎస్తేరు పండుకుంది. ఎనిమిది నెలలది.
బుగ్గ మీద ఉగ్గు ఎండి పెచ్చు గట్టింది.
తుడుస్తె లేస్తదేమోనని ఊకున్న.

వంద గ్రాములకు, అని మొదలైతది పట్టీ.
శక్తి నాలుగు వందల పైచిలుకు.
మాంసకృత్తులు పదమూడు.
సున్నం, జింకు, సగం అక్షరమాల దాక విటమిన్లు.
ఇనుము దండిగ.
చక్కెర ముచ్చట మాత్రం
చీమ తలకాయంత అక్షరాల్ల, మూలకు.

మా షాపుల గూడ ఉన్నదొక పట్టీ.
ఈసీఐఎల్ చౌరస్తల, బస్టాపు ఎదురుంగ,
కౌంటర్ పక్క గోడకు
ఎవ్వరికి అందనంత ఎత్తుల కొట్టిండ్రు.
నేను చదివిన,
ముక్కలకు పిండి పట్టిచ్చి నూనె కాగేదాక నిలవడి.
వేయించిన కోడి. వంద గ్రాములకే.
మాంసకృత్తులు ఇరవై దాటినయి,
ఇక్కడ నా బిడ్డ డబ్బా ఓడింది.
కొవ్వు పదిహేను.
ఉప్పు గడి కాడికొచ్చేసరికి నా నాలుకెండింది.
ఇనుము ఒక్కటి.
ఒక్కటంటే ఒక్కటే.

"ఆకలైనోడు గ్రాములు జూస్తడా బహెన్,"
అన్నడు ఫ్రయర్ కాడి జహంగీర్, జాలిబుట్ట దులుపుకుంట,
"కాలు ముక్క ఇయ్యి, ఛాతి ముక్క వద్దంటడు. గంతే."

డబ్బా లెక్క పొడి మీద.
నీళ్లల్ల కలిపినంక ఎస్తేరు పాలికొచ్చేది మూడు చెంచాలు.
ఒకటి బుగ్గకు, ఒకటి నా చున్నీకి,
మూడోది ఉమ్మి, మల్ల మింగి, నవ్వుతది.
ధర వెనక పట్టీల ఉండదు.
అడుగున మసక ముద్ర కొట్టి ఉంటది.
ఆరు గంటల నా నిలవడుడు అది.
"బియ్యం, పెసరపప్పు దోరగ ఏంచి పట్టిస్తె అయిపోయె,
మీ ఆయన పెరిగింది దేనితోని?"
అంటది మా అత్త సువార్తమ్మ.
ఆమె ఉగ్గుకు గళ్లు లేవు.
గుప్పెడే కొలత.

సాయంత్రం ఆరైతె పాలు చేపుకొస్తయి.
ఎర్ర చొక్కా మీద రెండు తడి బిళ్లలు.
ఏప్రాన్ పైకి గుంజుకొని
"సార్, కారం దా, మామూలుదా?" అని అడుగుత.
ఆ పాలు సింకుల వోతయి, బాత్రూం తలుపు గడియ వెట్టుకొని.
వాటికి ఎవ్వరు పట్టీ రాయలే.

బస్తీ దవాఖానల డాక్టరమ్మ
నా కింది కనురెప్ప గుంజి చూసింది.
"రక్తం ఎనిమిదే ఉన్నది. మాంసం తినాలమ్మా."
నవ్వాగలేదు నాకు.
దినాం ఎన్ని కోళ్లు నా చేతుల మీదికెల్లి పోతున్నయో!
జుట్టుకు కోడి, గోళ్లకు కోడి,
బస్సుల పక్క సీటామె ముక్కు మూసుకునేంత కోడి.
రక్తం దాకనే పోలే.

మూసే యాళ్లకు మిగిలిన ముక్కలు
లెక్కవెట్టి, పుస్తకంల రాసి, నల్ల కవర్ల ఏస్తం.
నిన్న పదకొండు.
సంతకం నాదే.
ఒక్కటి సంచిల కనవడితె నౌకరి పోతది.

గందుకే ఇప్పుడు, ఈ చీకట్ల,
ఎస్తేరు గిన్నె అడుగున చల్లారిన ఉగ్గు
చూపుడువేలుతోని గీకి నాకుతున్న.
తియ్యగున్నది. గొంతుకు అంటుకుంటున్నది.
ఇనుమున్నదట గద.
షాపుల ముక్క ముడితె దొంగతనం.
మరి ఇది?

రేపు దవాఖానల అడుగుతరు.
పాపకేం వెడ్తున్నవు?
ఉగ్గు, మేడమ్.
నువ్వేం తింటున్నవు?

గిన్నె సప్పుడుకు లేచింది ఎస్తేరు.
ఏడ్వలే. నా వేలు దొరకవట్టి నోట్ల వెట్టుకుంది.
మూడుసార్లు సబ్బువెట్టి కడిగిన వేలు.
ఇంక మసాలా ఉన్నట్టుంది గోరు సందుల.
మొహమంత ముడిచింది.
వేలు తీయవోతె
రెండు చేతుల వట్టి, మల్ల గుంజింది.